ఆమె మేలుకునే ఉంది

పదవీ విరమణ చేసి నాలుగేళ్లయింది. ఇప్పటికీ పొద్దున ఏడున్నరకల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటాను. మొదట్లో మా ఆవిడ "ఏడికి?" అని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసి చాయ్ తెచ్చి పెడుతోంది. ఆ వేళకు నేను ఆపరేషన్ థియేటర్లో మత్తు మిషను ముందు నిలబడి గొట్టాలు, సిలిండర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ ఉండేవాడిని. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. చేతులకు ఆ అలవాటు ఇంకా పోలేదు.

నేను మత్తు డాక్టరును. ఆపరేషన్ బాగా జరిగితే సర్జన్‌కు మిఠాయి డబ్బా వస్తుంది, మాకు రాదు. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు. రోగి తల వెనక రెండడుగుల జాగా, ఒక స్టూలు. నాకు కావలసింది అదే, ఇప్పుడు లేనిదీ అదే. అక్కడి నుంచి మనుషుల ముఖాలు తలకిందులుగా కనిపిస్తాయి. పాతబస్తీలో వేలమంది ముఖాలు నాకు అట్లా తలకిందులుగానే తెలుసు. బజార్లో ఎదురుపడి నమస్తే పెడితే గుర్తుపట్టలేను.

మత్తులోకి జారే ముందు మనుషులు అనే చివరి మాటలు కూడా గుర్తొస్తుంటాయి. ఒక పండ్ల వ్యాపారి "బండి కాడ ఎవ్వరు లేరు సారూ" అంటూ జారిపోయాడు. ఒక ముసలాయన "జర ఆహిస్తా బాబా", అంటే కొంచెం మెల్లగా, అన్నాడు. వాళ్లంతా తమను తాము నా చేతుల్లో పెట్టి కళ్లు మూసుకున్నారు. అంత నమ్మకం ఇంట్లో వాళ్లు కూడా మన మీద పెట్టరు.

ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలు కొందరు అడిగితే ఇది రాస్తున్నాను. బదిలీల సంగతి, ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. నేను చేసిన ఒక తప్పు ఉంటుంది. తప్పు కంటే, దాని గురించి ఒక మనిషితో ఇరవై రెండేళ్లు చెప్పలేకపోయిన ఒక మాట ఉంటుంది. మిగతాదంతా ఆ మాట దగ్గరికి పోయే దారి.

నిద్ర ఒక్కటే రకం కాదు

మాది గౌలిపుర. పాల వ్యాపారం చేసే ఇల్లు. నాయనకు ఎనిమిది బర్రెలుండేవి. ఇంట్లో జాగా లేక నేను కొట్టంలోనే కూర్చుని చదువుకునేవాడిని. బర్రె నిలబడే కునుకు తీస్తుంది. నోరు నెమరు వేస్తూనే ఉంటుంది, కళ్లు సగం మూసి ఉంటాయి, చెవి మాత్రం నాయన అడుగుల వైపు తిరుగుతుంది. "పండుకున్నదనుకొని చెంబు వట్టుకపోతె తన్నుతది బిడ్డా. ముందుగాల చెవు జూడు" అనేవాడు నాయన. మెడికల్ కాలేజీలో ఎంత చదివినా మెదడు గురించి నాకు అర్థమైన మొదటి పాఠం అదే. మనిషిలో ఒక భాగం పడుకుంటే ఇంకో భాగం కాపలా కాస్తూ ఉండవచ్చు.

మా తరానికి మత్తు మందు మెదడంతటినీ ఒక్కసారి ముంచేస్తుందన్నట్టుగా చెప్పారు. అది తప్పని తర్వాత తెలిసింది. మెదడు అడుగున, మెడకు దగ్గరగా, మనల్ని మేలుకొలిపి ఉంచే చిన్న చిన్న కణాల గుంపులున్నాయి. వాటికి కొంచెం పైన, హైపోథాలమస్ అనే చోట, ఆ గుంపులను జోకొట్టి పడుకోబెట్టే మరో గుంపు ఉంది. రోజూ మనకు వచ్చే నిద్ర ఈ రెండింటి మధ్య ఒప్పందం. ఐసీయూలో ఇచ్చే కొన్ని మందులు ఈ మేలుకొలిపే గుంపుల్లో ఒకదాన్ని మాత్రం నెమ్మదింపజేస్తాయి. ఆ రోగి చూడటానికి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటాడు, భుజం తట్టి పిలిస్తే కళ్లు తెరుస్తాడు.

పెద్ద ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు అట్లాంటిది కాదు. అది మెదడులో చాలా చోట్ల ఒకేసారి పని చేస్తుంది. కణాలను ఊరుకోబెట్టే రసాయనం మెదడులోనే ఉంది, మత్తు మందు దాని బలం పెంచుతుంది. అప్పుడు మెదడు పైపొరకూ, లోపల కబుర్లు అందించే థాలమస్‌కూ మధ్య ఒకే నెమ్మది లయ మొదలవుతుంది. కబుర్లు ఆగిపోతాయి. చెవిలో శబ్దం పడుతుంది, దాన్ని అందుకుని అర్థం చేసుకునేవాళ్లుండరు. కెటమిన్ అనే ఇంకో మత్తు మందు దారి మళ్లీ వేరు. అందులో కణాలు ఊరుకోవు, ఒకదాని మాట ఒకదానికి తెలియకుండా పోతుంది. అందుకే ఆ రోగి కళ్లు తెరిచి ఉన్నా ఎక్కడో ఉంటాడు.

ఇంకో రకం మందు ముందుగా జ్ఞాపకం రాసుకునే చోటును మూసేస్తుంది. రోగి మనతో మాట్లాడుతూనే ఉంటాడు, తర్వాత ఒక్క ముక్క గుర్తుండదు. గుర్తు లేకపోవడం, తెలియకపోవడం, కదలకపోవడం మూడు వేరు వేరు సంగతులు. వాటికి మెదడులో దారులు వేరు.

వీటన్నిటికంటే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. కండరాలు వదులయ్యేందుకు మనం ఇచ్చే మందు మెదడును ముట్టుకోనే ముట్టుకోదు. నరం కండరాన్ని తాకే చోట మాత్రం పని చేస్తుంది. అది ఇచ్చాక మనిషి రాయిలా పడి ఉంటాడు. మెదడుకు చేరాల్సిన మందు చేరకపోతే, ఆ రాయి లోపల మనిషి పూర్తిగా మేలుకుని ఉంటాడు.

సకీనా మేడం పద్ధతి

నేను మొదట పని చేసింది ఎక్కువగా కాన్పులు చేసే ఒక చిన్న ఆస్పత్రిలో. మత్తు విభాగంలో మా పెద్ద డాక్టరు సకీనా మేడం. యాకుత్‌పురా నుంచి రిక్షాలో వచ్చేవారు. పొట్టి మనిషి, గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు, అయినా థియేటర్లో అందరికీ హడలు. సర్జన్లు జోకులు వేసుకుంటుంటే "ఇక్కడ ఒక మనిషి ఉన్నది. మాటలు సంభాల్‌కే, జర జాగ్రత్త" అనేవారు. రోగికి తెలివి లేదు కదా అంటే మళ్లీ అదే మాట అనేవారు.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. కండరాల మందు ఇచ్చే ముందు రోగి కుడి చేతికి బీపీ పట్టీ కట్టి గాలి నింపేవారు. రక్తం ఆగుతుంది కాబట్టి మందు ఆ చేతిలోకి దిగదు. ఒళ్లంతా పడిపోయినా కొంతసేపు ఆ ఒక్క చెయ్యి కదలగలదు. అప్పుడప్పుడు వంగి, చెవి దగ్గర, ఆ మనిషి భాషలో అడిగేవారు. "అమ్మా, ఇనవడుతుందా? ఇనవడితే నా చెయ్యి గట్టిగ పట్టు."

ప్రసవానికి వచ్చే ఆడవాళ్లకు సీమంతంలో తొడిగిన ఆకుపచ్చ గాజులు చేతుల నిండా ఉండేవి. కాన్పు అయ్యేదాకా తియ్యరు. పగిలితే అరిష్టమని భయం. అందుకని సిస్టర్లు గాజుల మీద బ్యాండేజీ చుట్ట గట్టిగా చుట్టేసేవాళ్లు. మేడం కుడి చేతికి మాత్రం చుట్టనిచ్చేవారు కాదు. "గాజులు ఖాళీగ ఉండనియ్యి. నేను వేరే దిక్కు చూస్తున్నా చప్పుడు ఇనిపిస్తది" అనేవారు. మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. పెద్దావిడ చాదస్తం అనుకున్నాం.

ఒకసారి హెర్నియా ఆపరేషన్ మధ్యలో ఒకాయన నిజంగానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మేడం వెంటనే మందు పెంచారు. లేచాక అడిగితే అతనికి ఏమీ గుర్తు లేదు. నాకు చదువు పొగరు ఎక్కువ. "గుర్తే లేదు గద మేడం, ఇంక ఫికర్ ఎందుకు?" అన్నాను.

"గుర్తు లేకపోతే దర్ద్ కానట్టేనా బేటా? నొప్పి లేనట్టేనా?" అన్నారు మేడం.



ఆ మధ్యాహ్నం

నేను చేరి పదమూడేళ్లయింది. మేడం చెల్లెలి కూతురి పెళ్లికి సెలవు పెట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక గర్భిణిని స్ట్రెచర్ మీద పరుగున తెచ్చారు. పేరు అనసూయ. ఉప్పుగూడ, తొలి కాన్పు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. భర్త ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. కడుపులో బిడ్డ గుండె నెమ్మదించింది. వెన్నులో సూది వేసే సమయం లేదు, పూర్తి మత్తు ఇచ్చి వెంటనే తియ్యాలి.

థియేటర్ తలుపు దాకా ఆమె అత్తగారు వెంట వచ్చింది. నా చేయి పట్టుకుని "సారూ, గాజులు పలుగకుండ సూడుండ్రి. మీ కాళ్లు మొక్కుత" అని ఏడ్చింది. మా ఇంట్లోనూ అవే నమ్మకాలు. మా అమ్మ ఏడ్చినట్టే అనిపించింది. మేడం నేర్పినట్టు కుడి చేతికి పట్టీ కట్టి గాలి నింపాను, మేడం వద్దన్నట్టు గాజుల మీద బ్యాండేజీ నేనే చుట్టాను. ఆ చేతిని గుడ్డ కింద పెట్టి వదులుగా కట్టేశాను.

వేపరైజర్ అంటే మత్తు ద్రవాన్ని ఆవిరిగా మార్చే డబ్బా. ఎంత ద్రవం ఉందో చూసుకోవడానికి పక్కన చిన్న గాజు బిళ్ల ఉంటుంది. అంతకుముందు కేసులో చాలా ఖర్చయింది. బిళ్లలో ద్రవం అడుగున ఉండటం నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. ఈ ఒక్క కేసుకు సరిపోతుందిలే అనుకున్నాను.

బిడ్డను బయటికి తీశారు. ఏడవలేదు. నీలంగా, తడిగుడ్డలా వేలాడుతోంది. పిల్లల డాక్టరు ఆ పూట లేడు. "యాదగిరీ, బిడ్డ ఏడుస్తలేదు, జల్ది రా" అంది సర్జన్. తల్లికి శ్వాస అందించే సంచీని సిస్టర్ చేతిలో పెట్టి, తల దగ్గరి స్టూలు వదిలి బిడ్డ దగ్గరికి పరుగెత్తాను. చిన్న మాస్కు పెట్టి ఊపిరి కొట్టాను. వీపు రుద్దాను. "ఏడువు తల్లీ, ఒక్కసారి ఏడువు" అని బతిమాలాను. ఎంతసేపో తెలియదు, నాకు చాలాసేపు అనిపించింది. చివరికి ఆ పిల్ల ఏడ్చింది. థియేటర్లో అందరం నవ్వాం.

నవ్వు ముఖంతోనే తల్లి దగ్గరికి వచ్చాను. నాడి పరుగెడుతోంది. టేపు వేసిన రెప్పల కింద నుంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి. వేపరైజర్ వైపు చూశాను. బిళ్ల ఎండిపోయి ఉంది.

వెంటనే నరంలోకి మందు ఎక్కించాను, డబ్బా నింపాను. తర్వాత గుడ్డ ఎత్తి కుడి చేయి చూశాను. కట్టు ఊడిపోయింది. బ్యాండేజీ సగం విడిపోయింది. వేళ్లు దేన్నో వెతుకుతున్నట్టు చాచి ఉన్నాయి. ఒక గాజు పగిలి ఉంది, ఆ చప్పుడు బ్యాండేజీలోనే ఉండిపోయింది. నేను ఆ ముక్కలను ఏరి చెత్త బుట్టలో వేశాను. సర్జన్ కుట్లు వేస్తోంది. ఎవరూ చూడలేదు.

కల అని చెప్పాను

మర్నాడు వార్డుకు వెళ్లాను. అనసూయ పక్కలో బిడ్డ నిద్రపోతోంది. అత్తగారు పక్కనే ఉంది. నన్ను చూడగానే అనసూయ అడిగింది. "సారూ, మీరేనా 'ఏడువు తల్లీ' అన్నది?"

ఏం గుర్తుందని అడిగాను.

"అన్ని ఇన్న సారూ. కడుపుల చేతులు వెట్టింది తెలుస్తనే ఉంది. అరుద్దమంటె నోరు లేదు. గంతల్నే బిడ్డ ఏడుస్తలేదన్నరు. ఇగ నొప్పి సంగతి ఇడిసిపెట్టిన. బిడ్డ ఏడుస్తదా లేదా అని ఇనుకుంట ఉన్న. చెయ్యి కదిలిచ్చిన. ఎవ్వరన్న పట్టుకుంటరని చానసేపు కదిలిచ్చిన."

ఆమె నింద వేయలేదు. జరిగిందా లేదా అని మాత్రమే అడిగింది. ఆ గదిలో నిజం తెలిసిన మనుషులం ఇద్దరమే. నేను అవునంటే చాలు.

"అట్లాంటి కలలు వస్తయమ్మా మత్తుల. ఏం కాదు" అన్నాను.

"సారే చెప్తున్నడు గదనే, కల అని. ఇగ ఊకో" అంది అత్తగారు. అనసూయ నా ముఖంలోకి ఒక నిమిషం చూసింది. "సరే సారు" అని బిడ్డ వైపు తిరిగింది.

ఎందుకట్లా చెప్పానో ఇప్పుడు నీతులు కలిపి చెప్పను. భయపడ్డాను. ఉద్యోగం పోతుందని, గౌలిపురలో నాయన తలెత్తుకోలేడని, పేపర్లో వస్తుందని. బిడ్డను బతికించింది నేనే కదా, లెక్క సరిపోయిందిలే అని కూడా లోపల అనుకున్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండు రోజుల తర్వాత మేడం వచ్చారు. ఆమె దగ్గర దాచలేకపోయాను. తిడతారనుకుంటే అంతా విని ఒకే మాట అడిగారు. "ఆమెకు చెప్పినవా?"

"కల అని చెప్పిన మేడం."

"వేపరైజర్ ఖాళీ అయిపోవుడు గల్తీ. అది ఎవరికన్నా అయితది, నాకూ అయితది" అన్నారు మేడం. "రెండోది గల్తీ కాదు బేటా. అది నువ్వు సోచ్‌కే, తెలిసి తెలిసి చేసినవ్. పో. పోయి చెప్పు."

రేపు చెబుతాననుకున్నాను. ఆ రేపు కూడా రేపే అనుకున్నాను. ఐదో రోజు పోయేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు. డిశ్చార్జి అయి వెళ్లిపోయింది.

మేడం రిటైరైన రోజు అందరం దండలు వేశాం. వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచి "చెప్పినవా?" అని మళ్లీ అడిగారు. లేదన్నాను. నా చెంప మీద చేయి వేసి వెళ్లిపోయారు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఎన్నో కేసుల్లో నాకు ఆమె కావలసి వచ్చింది. ఆ గొంతు మళ్లీ ఒక్కసారి వినాలని ఉంటుంది, తిట్టినా సరే.

ఒక్క స్టేషను దూరం

యాకుత్‌పురాలో రైలెక్కితే ఉప్పుగూడ పక్క స్టేషనే. కేసు షీటులో చిరునామా చూసి రాసిపెట్టుకున్నాను. మొదటిసారి పోయినప్పుడు స్టేషను బయట చాయ్ తాగి తిరిగి వచ్చాను. రెండోసారి వాళ్ల గల్లీ చివర దాకా పోయాను. మూడోసారి పోయేసరికి ఐదారేళ్లు గడిచాయి. కూరగాయల బండి దగ్గర అనసూయ కనిపించింది. పక్కన బడి సంచీతో ఒక ఆడపిల్ల దేనికోసమో నేల మీద కూర్చుని గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటూ నేను రోడ్డుకు ఇవతలి పక్క అట్లాగే నిలబడిపోయాను. ఎంత గట్టిగా ఏడుస్తోందో అని మురిసిపోయాను. రోడ్డు దాటి రెండు మాటలు చెప్పడం మాత్రం చేతకాలేదు.

ఆ తర్వాత పెద్దాస్పత్రికి మారాను. మిషన్లు మారాయి. వేపరైజర్ ఎండితే, రోగి వదిలే గాలిలో మత్తు తగ్గితే ఇప్పుడు అలారం మోగుతుంది. నుదుటికి అంటించే పట్టీ మెదడు తరంగాలను తెర మీద చూపిస్తుంది. నేను పిల్లలకు పాఠాలు చెప్పేవాడిని. మత్తులో మెలకువ గురించిన పాఠం మాత్రం గబగబా ముగించేవాడిని. వాళ్లు నన్ను మంచి మాస్టారు అనేవాళ్లు. నాకు ఆ మాట వద్దనిపించేది.

మత్తులోకి పోయే దారి, బయటికి వచ్చే దారి ఒకటి కాదని ఇప్పుడు పరిశోధన చేసేవాళ్లు అంటున్నారు. మెదడు ఉన్న స్థితిని అంత తేలిగ్గా వదలదట, మత్తులో ఉంటే మత్తులోనే ఉండిపోవాలని చూస్తుందట. చదివినప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది.

ప్రణీత ఫోను

మొన్న ఎండాకాలంలో ప్రణీత ఫోన్ చేసింది. నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు తనే పెద్ద డాక్టరు. "సార్, ఒక పేషంట్‌తోటి పరేషాన్ అయితుంది. థైరాయిడ్ గడ్డ గాలిగొట్టం మీద ఒత్తుతుంది. పండుకుంటె ఊపిరాడుతలేదు. పూర్తి మత్తు ఇయ్యక తప్పదు. రెండుసార్లు థియేటర్ దాక వచ్చి లేచిపోయింది."

"ఎందుకు?"

"పాత సిజేరియన్ల మెలకువ వచ్చిందంట సార్. ఇంట్లవాళ్లు కల అంటరు. అప్పటి మత్తు డాక్టర్ గూడ కలనే అని చెప్పిండంట. మీరొచ్చి జర నచ్చజెప్తరా? మీరైతె మంచిగ చెప్తరు."

"ఆమెది ఉప్పుగూడనా?" అన్నాను.

ప్రణీత "మీకెట్ల తెలుసు సార్?" అంది.

మర్నాడు వార్డుకు వెళ్లాను. కిటికీ పక్క మంచం. జుట్టు సగం నెరిసింది, మెడ వాచి ఉంది. పక్కన భర్త. అటువైపు కూతురు శిరీష, ఏదో ప్రైవేటు బడిలో టీచరట. తల్లి పోలికే. ఆ పిల్లను చూస్తూ ఉండిపోయాను.

అనసూయ నన్ను గుర్తుపట్టలేదు. ప్రణీత "మా సారు, మీతోటి మాట్లాడుతరు" అంది. నేను "ఎట్లున్నవమ్మా?" అన్నాను. అంతే, ఆమె ముఖం మారిపోయింది.

"గొంతు గుర్తువట్టిన" అంది. "మొఖం యాది లేదు గని, గొంతు యాది ఉన్నది."

ఇన్నేళ్లుగా మనసులో ఎన్నో రకాలుగా పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "కల కాదమ్మా" అన్నాను. "నువ్వు మేలుకోనే ఉన్నవు. మందు అయిపోయింది, నేను చూసుకోలె. నువ్వు చెయ్యి కదిలిచ్చింది నిజం. గాజు పలిగింది నిజం. అన్ని తెలిసి నీకు కల అని అబద్ధం చెప్పిన. తప్పు నాది."

భర్త నేల చూపులు చూస్తున్నాడు. అనసూయ నా వైపు చూడలేదు, ఆయన వైపు తిరిగింది.

"ఇన్నవా?" అంది. "ఇరవై రెండేండ్లు. రాత్రి ఉలికిపడి లేస్తె పిచ్చి అన్నరు. మీ అమ్మ తాయెత్తు గట్టిచ్చింది. నాక్కూడ లాస్టుకు నిజంగనే పిచ్చేమో అనిపిచ్చింది. ఇన్నవా ఇప్పుడు?"

ఆయన తల ఊపాడు. శిరీష తల్లి భుజం పట్టుకుంది. అనసూయ అప్పుడు ఏడ్చింది. నేను వార్డులో చాలా ఏడుపులు చూశాను, ఇంత ఆలస్యంగా వచ్చిన ఏడుపును చూడలేదు.

కొంతసేపటికి కళ్లు తుడుచుకుని నాతో అంది. "నా బిడ్డకు ఊపిరి వోసిండ్రు. గది నేనెప్పుడు మర్వలె. రోజు దండం వెట్టుకున్న. గని నాకు ఒక్క మాట చెప్తె ఏం పోతుండె సారూ మీకు?"

మాఫీ అడగబోయాను. చేయి ఎత్తి ఆపింది. "గది అడగకుండ్రి. నేనిచ్చేది ఉంటె ఇస్త. లేకుంటె లేదు."

ప్రణీత అప్పుడు మంచం మీద కూర్చుని అన్నీ వివరించింది. నుదుటి పట్టీ ఏం చూపిస్తుందో, అలారం ఎప్పుడు మోగుతుందో, తను తల దగ్గర నుంచి ఎందుకు కదలదో. అనసూయ శ్రద్ధగా విని సరేనంది. ఒక్క షరతు పెట్టింది. "లేసినంక నేనేం చెప్తె గది నమ్మాలె. ఇన్న అంటె ఇన్నట్టే."

నమ్ముతామన్నాం.

"థియేటర్ల నేను గూడ ఉంటనమ్మా, నీ తల దగ్గర" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను. ఆ స్టూలు మీద ఇంకొక్కసారి, ఈ ఒక్క మనిషి కోసం కూర్చోవాలని నా ప్రాణమంతా కొట్టుకుంది.

"వద్దు సారూ" అంది. గొంతులో కోపం లేదు. "మీరు బయటనే ఉండుండ్రి."

బయట

పిల్లలూ, మీకు అలారాలున్నాయి, తెరలున్నాయి. తప్పులు తగ్గుతాయి, పూర్తిగా పోవు. తప్పు జరిగిన రోజే, ఆ మనిషి ముందు కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. నా అబద్ధంతో అనసూయ తన చెవులను తాను నమ్మడం మానేసింది. దాన్ని తిరిగి ఇచ్చే మందు మన అల్మారాలో లేదు.

ఆపరేషన్ రోజు వరండాలో బెంచీ మీద శిరీష పక్కన కూర్చున్నాను. జీవితమంతా తలుపుకు లోపలే ఉన్నవాడిని. బయట ఎదురుచూపు ఇంత పొడుగ్గా ఉంటుందని తెలియదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం లేచాం. ఆ పిల్ల తన డబ్బాలోని అటుకులు నాకు కొంచెం పెట్టింది. "అమ్మ మీ గురించి చెప్పేది సార్" అంది. ఏం చెప్పేదో నేను అడగలేదు.

సాయంత్రం అనసూయను వార్డుకు తెచ్చారు. మెడకు కట్టు ఉంది. గొంతు బొంగురుపోయింది. ప్రణీత నన్ను ముందుకు పంపింది. మంచం పక్కన కూర్చుని వంగి అడిగాను. "ఏమన్న ఇన్నవా అమ్మా?"

అనసూయ పైకప్పు వైపు చూస్తూ చాలాసేపు వెతుక్కుంది. తొందరపడి చెప్పలేదు. లోపల మూలమూలా చూసి వచ్చింది.

"ఏం ఇనలే" అంది.

"నమ్ముతున్ననమ్మా" అన్నాను.

ఆమె నన్ను చూసింది. తర్వాత కళ్లు మూసుకుని నిద్రపోయింది. ఇది మందు ఇచ్చిన మత్తు కాదు, ఊరికే అలిసిపోయిన మనిషి నిద్ర. విజిటర్ల టైం అయిపోయిందని సిస్టర్ వచ్చి చెప్పేదాకా, లేచి, నన్ను అడగొద్దన్న ఆ ఒక్క మాట అంటుందేమోనని అక్కడే కూర్చున్నాను.